అరెస్టు ఫొటో తర్వాత ఏమైంది?

సంపాదకులు గారికి, నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు నవలల్లో నేరం, శిక్ష గురించి వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పేపర్లో డికెన్స్‌కు ఒక పేజీ ఇచ్చారంటే ముందు ఆ ధైర్యానికి ఒక దండం. కానీ వ్యాసం మొత్తం డిటెక్టివుల చుట్టే తిరిగింది. డికెన్స్ ‘బ్లీక్ హౌస్’లో ఇన్‌స్పెక్టర్ బకెట్ ఎంత చురుకైనవాడు, విల్కీ కాలిన్స్ ‘మూన్‌స్టోన్’లో సార్జెంట్ కఫ్‌కు గులాబీ మొక్కలంటే ఎంత పిచ్చి, ఆనవాళ్లు ఎట్లా పట్టాడు, ఇదే గోల. కోర్టు, జైలు, లాయర్లు, వాయిదాలు అన్నిటినీ కలిపి చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశారు. అదే రోజు మీ నల్లగొండ జిల్లా పేజీ తిప్పితే పైన పెద్ద ఫొటో: తలలు దించుకుని నిలబడ్డ నలుగురు కుర్రాళ్లు, వెనక పోలీసులు, ముందు వరసగా బైకులు, ‘దొంగల ముఠా ఆటకట్టు’ అని హెడ్డింగు. ఈ రెండూ ఒకే పేపర్లో చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

నేనెవరో చెబితే నా బాధ ఏంటో మీకు అర్థమవుతుంది. నల్లగొండ కోర్టులో ఒక క్రిమినల్ వకీలు గారి దగ్గర చాలా కాలం గుమాస్తాగా చేశాను. వకాలత్ మీద సంతకాలు పెట్టించడం, కోర్టు ఫీజు స్టాంపులు అంటించడం, కాపీ అప్లికేషన్ల వెంట తిరగడం, పొద్దున కాల్ వర్క్‌లో మా కేసు పిలిచేలోపు చెట్టు కింద కూర్చున్న ముద్దాయిని లేపి హాల్లోకి తోలుకురావడం, ఇదీ పని. మధ్యలో దూరవిద్యలో ఎమ్మే ఇంగ్లీషు కట్టాను, దానివల్ల జీతం పైసా పెరగలేదు గానీ డికెన్స్ మాత్రం పట్టుకుని వదల్లేదు. ఆయన కూడా పదిహేనేళ్లకే లాయరాఫీసులో గుమాస్తాగా చేరినవాడే, తర్వాత కోర్టుల్లో షార్ట్‌హ్యాండ్ రిపోర్టరు, ఆ తర్వాత పేపర్ రిపోర్టరు. అంటే సగం మా మనిషి, సగం మీ మనిషి.

‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ 1860-61లో వారం వారం సీరియల్‌గా వచ్చింది. అందులో జాగర్స్ అని ఒక క్రిమినల్ లాయరుంటాడు, ఆయన గుమాస్తా పేరు వెమ్మిక్. ఆఫీసు బయట క్లయింట్లు పడిగాపులు కాస్తుంటారు, పెద్దాయన కనబడగానే మీద పడతారు, ఆయన అడిగే మొదటి మాట ‘వెమ్మిక్‌కు డబ్బు కట్టావా?’ కట్టాను అంటే, అయితే ఇంక నోరు మూసుకుని పో, మిగతాది నేను చూసుకుంటా అన్నట్టు తోసేస్తాడు. అక్కడ నాకు నవ్వాగలేదు, ఎందుకంటే మా ఆఫీసులో ఆ డబ్బు తీసుకునే చెయ్యి నాదే. జాగర్స్ ఆఫీసు పని అవగానే సువాసన సబ్బుతో చేతులు కడుక్కుంటాడు. ఆ ఆఫీసు షెల్ఫు మీద ఉరిపడ్డ ఇద్దరు క్లయింట్ల ముఖాల అచ్చులు పెట్టి ఉంటాయి. వెమ్మిక్ పగలంతా రాయిలా ఉంటాడు, సాయంత్రం ఇంటికి పోతే ముసలి తండ్రిని కళ్లల్లో పెట్టుకుని చూసుకునే ఇంకో మనిషి. కోర్టు చుట్టూ బతికేవాళ్ల గురించి ఇంత దగ్గర్నుంచి రాసినాయన్ని పట్టుకుని డిటెక్టివుల రచయిత అంటే ఎట్లా సార్?

ఇంక మాగ్విచ్ సంగతి. ఈ ముచ్చట కోసమే అసలు ఈ ఉత్తరం. అదే నవలలో మాగ్విచ్, కాంపేసన్ ఇద్దరూ కలిసి దొంగిలించిన నోట్లు చలామణీ చేసిన కేసులో దొరుకుతారు. నడిపించినవాడు కాంపేసన్, చెప్పింది చేసినవాడు మాగ్విచ్. కాంపేసన్ చదువుకున్నవాడు, ఉంగరాల జుట్టు, నల్ల సూటు, తెల్ల చేతిరుమాలు. మాగ్విచ్ లాయరు కోసం ఒంటిమీదున్నవి తప్ప బట్టలన్నీ అమ్ముకున్నవాడు. బోనులో ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టారు. కాంపేసన్ తరఫు లాయరు జ్యూరీతో ఏమంటాడంటే, అయ్యా, ఒకడు చిన్నవాడు, మంచి కుటుంబంలో పుట్టి పెరిగినవాడు, ఇంకొకడు వయసు మీరినవాడు, జైళ్లకు అలవాటుపడ్డవాడు, ఎవరు ఎవర్ని చెడగొట్టి ఉంటారో మీరే చూడండి అని. కాంపేసన్‌కు ఏడేళ్లు, మాగ్విచ్‌కు పద్నాలుగేళ్లు. అదే నేరం, అదే కోర్టు, అదే రోజు. ఇక్కడ డిటెక్టివ్ ఏం చేస్తాడు? దొంగలు ఎవరో అందరికీ తెలుసు, సాక్ష్యం ఉంది, పట్టుకోవడం అయిపోయింది. అన్యాయం జరిగింది ఆ తర్వాత. మాగ్విచ్‌కు ఊహ తెలిసిందే ఎసెక్స్‌లో ఆకలికి టర్నిప్ దుంపలు దొంగతనం చేస్తుండగా, అప్పట్నుంచి జైలుకు ఎవరైనా పెద్దమనుషులు చూడ్డానికొస్తే వాణ్ణి చూపించి ‘వీడు కరడుగట్టినవాడు, వీడి బతుకే జైలు’ అని చెప్పేవాళ్లు. చిన్నపిల్లవాడి గురించి ఆ మాట! మన దగ్గర ‘పాత నేరస్తుడు’ అని రాస్తారే, ఆ రెండు మాటలు ఒకసారి పేరు పక్కన పడ్డాక మండలంలో ఏ ఇంట్లో తాళం పగిలినా జీపు ముందు వచ్చేది వాళ్లింటికే. అట్లాంటివాళ్లను మా ఆఫీసు బెంచీ మీద ఎంతమందిని చూశానో.

చివర్లో మాగ్విచ్‌కు ఉరిశిక్ష చెప్పేటప్పుడు ముప్పై రెండు మంది ఆడా మగా ఒకే వరసలో నిలబడి ఉంటారు, జడ్జి అందరికీ కలిపి ఒకేసారి చదివేస్తాడు. అదీ కోర్టంటే. వ్యాసంలో ఈ సీను ఊసే లేదు.

ఇక మీ జిల్లా పేజీ దగ్గరికొస్తా. ‘విచారణలో నిందితులు నేరం ఒప్పుకున్నారని పోలీసులు తెలిపారు’ అని ప్రతి అరెస్టు వార్తలో ఒక వాక్యం ఉంటుంది, బహుశా మీ కంప్యూటర్లో రెడీగా పెట్టుకుంటారేమో. సార్, పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, ఇప్పుడు 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే దానికి సంబంధించిన మేరకే పనికొస్తుంది. జడ్జిగారు చూడకూడని మాటను జిల్లా మొత్తం పొద్దున్నే చాయ్ తాగుతూ చదువుతుంది, అదీ తమాషా. ఇంకో తమాషా చెప్తా, ఆ 1872 చట్టం ముసాయిదా రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్‌కు డికెన్స్ అంటే పడేది కాదు. 1857లో ‘లిటిల్ డోరిట్’ మీద ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో దుమ్మెత్తి పోశాడు, నవలలు రాసుకునేవాళ్లకు సర్కారు వ్యవహారాలు ఏం తెలుసు అన్న ధోరణిలో. అంత కోపిష్టి కూడా పోలీసు దగ్గర ఇచ్చిన ఒప్పుకోలును నమ్మొద్దనే చట్టంలో ఉంచాడు. (మన జిల్లాలు అప్పుడు నిజాం ఏలుబడిలో ఉండేవి కాబట్టి బ్రిటిష్ చట్టాలు నేరుగా మనకు రాలేదు, అది వేరే కథ.)

ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. దేవరకొండ వైపు నుంచి ఒక తల్లి మా ఆఫీసుకు వచ్చేది. కొడుకు ట్రాక్టర్ డ్రైవరు. బైకుల దొంగతనం కేసులో పేరు పెట్టారు, ఇట్లాంటి ఫొటోనే ఒక పేపర్లో వచ్చింది, ఏ పేపరో ఇప్పుడెందుకు. ఆ కటింగును పాలిథీన్ కవర్లో మడతపెట్టి రవికలో పెట్టుకుని తిరిగేది, ఎందుకమ్మా అది అంటే, ఇది అబద్ధమని ఎవరికో ఒకరికి చూపెట్టాలె గద సారూ అనేది. కేసు నడిచింది. పంచనామా సాక్షులు ఇద్దరూ బోనెక్కి, మేం స్టేషన్లో కాగితం మీద సంతకం పెట్టాం, బండ్లు ఎక్కడ దొరికాయో మాకు తెలీదు అన్నారు. బండి ఓనరు కుర్రాణ్ణి గుర్తుపట్టలేదు. కేసు కొట్టేశారు. ఆ రోజు ఆవిడ సంబరపడలేదు, నా దగ్గరికొచ్చి ‘సారూ, అప్పుడు ఫొటో ఏసిండ్రు గద, ఇప్పుడు ఇడిసిపెట్టిండ్రని గూడ ఎయ్యమని జర చెప్పుండ్రి’ అంది. నాకు తెలిసిన ఒక విలేకరికి ఫోన్ చేశాను. ‘కొట్టేసిన కేసుల వార్తేముంటది అన్నా’ అన్నాడు. అతని తప్పు కూడా కాదేమో, పంపినా డెస్కులో పక్కన పడేస్తారు. ఆ అబ్బాయి చెల్లెలి సంబంధం మాత్రం ఆ కటింగు వల్లే తప్పిపోయింది.

మీ వ్యాసకర్త ‘మూన్‌స్టోన్’ గురించి అంత రాశారు గానీ దాని వెనకున్న అసలు కేసు సంగతి ఎత్తలేదు. 1860లో రోడ్ హిల్ హౌస్ అనే పెద్దింట్లో మూడేళ్ల పిల్లవాడి హత్య జరిగింది. ముందు ఇంట్లో పనిచేసే ఆయాను పట్టుకున్నారు. తర్వాత లండన్ నుంచి వచ్చిన డిటెక్టివ్ విచర్, మాయమైన ఒక నైట్‌గౌను ఆధారంగా పిల్లవాడి సవతి అక్క, పదహారేళ్ల కాన్‌స్టన్స్‌ను అరెస్టు చేశాడు. పేపర్లు గయ్యిమన్నాయి. కూలి ఇంటి నుంచి వచ్చిన పోలీసువాడు పెద్దింటి పిల్ల మీద చెయ్యేస్తాడా అని. ఆ అమ్మాయిని వదిలేశారు, విచర్ పరువు పోయింది, అయిదేళ్ల తర్వాత 1865లో ఆమే వచ్చి నేనే చేశాను అని ఒప్పుకుంది. మచ్చపడిన నైట్‌గౌనును కాలిన్స్ తన నవలలోకి తెచ్చుకున్నాడు, కాకపోతే రక్తం బదులు పెయింటు మరక. ఇందులో గమనించాల్సిందేంటంటే ఆయాను పట్టుకున్నప్పుడు రాని కోపం పెద్దింటి పిల్లను పట్టుకున్నప్పుడు వచ్చింది. మన దగ్గర కూడా పెద్దవాళ్ల కేసయితే ‘ఆరోపణలు ఎదుర్కొంటున్న’ అని ఎంత జాగ్రత్తగా రాస్తారో చూడండి, బైకు దొంగకు ఆ మర్యాద ఉండదు.

లాయరు సంగతి. 1836 దాకా ఇంగ్లండులో పెద్ద నేరాల్లో ముద్దాయి తరఫు లాయరు జ్యూరీతో మాట్లాడటానికి లేదు, సాక్షుల్ని ప్రశ్నించడం వరకే. ముద్దాయి తానే ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పుకునే వీలు అన్ని కేసుల్లోనూ వచ్చింది 1898లో. ఇది తెలిస్తే గానీ జార్జ్ ఎలియట్ ‘ఆడమ్ బీడ్’లో హెట్టీ బోనులో రాయిలా ఎందుకు నిలబడిందో పూర్తిగా అర్థం కాదు. ఆ కథ జరిగేది 1799లో. బిడ్డను చంపిందని ఆ పిల్లకు ఉరిశిక్ష వేస్తారు, ఆఖరి నిమిషంలో శిక్ష తగ్గించిన కాగితం పట్టుకుని గుర్రం మీద వచ్చేది ఎవరనుకున్నారు, ఆమెను ఆ స్థితికి తెచ్చిన జమీందారు మనవడే. అతను బోనెక్కలేదు. గాస్కెల్ రాసిన ‘మేరీ బార్టన్’ (1848) ఇంకా మన కోర్టులకు దగ్గర: జెమ్ అనే కుర్రాడి మీద హత్య కేసు, అతను ఆ సమయంలో వేరేచోట ఉన్నాడని చెప్పగల ఒకే ఒక్క సాక్షి ఓడెక్కి వెళ్లిపోతుంటే, జెమ్‌ను ప్రేమించిన మేరీ పడవలో వెంటపడి అతన్ని తీసుకురావాలి. పోలీసులు వెతకరు, ఇంటి ఆడపిల్ల వెతకాలి. నల్లగొండ కోర్టు గేటు ముందు ఏ పొద్దునైనా నిలబడండి, సాక్షిని బతిమాలి ఆటో కిరాయి ఇచ్చి తీసుకొచ్చేది ఎవరో తెలుస్తుంది.

దూరం ఎందుకు, మన జిల్లాలోనే చూడండి. సాయుధ పోరాట కాలపు కేసుల్లో 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు రైతులకు ఉరిశిక్షలు వేస్తే, వాళ్ల తరఫున వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చాడు. జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం, 1951, లా చదివే పిల్లలు ఇప్పటికీ చదువుతారు. ట్రిబ్యునల్లో లాయరును పెట్టుకునే సరైన అవకాశమే ఇవ్వలేదన్నది అందులో ఒక ముఖ్యమైన వాదన. సుప్రీంకోర్టు పిటిషన్ కొట్టేసింది, ఉరి మాత్రం చివరికి తప్పింది. అంటే ఇంగ్లండు నవలల్లో ముద్దాయి పడ్డ బాధ మన తాతలూ పడ్డదే. మీ అనుబంధంలో ఎప్పుడైనా దీనిమీద రాయించండి, నేను చదువుతా.

‘బ్లీక్ హౌస్’ సివిల్ కేసు గురించి నాకంటే మన భూముల యజమానులకే ఎక్కువ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. జార్న్‌డైస్ దావా తరాల తరబడి నడిచి, చివరికి ఒక వీలునామా దొరికి తేలిపోతుందనుకునేసరికి ఆస్తి మొత్తం ఖర్చుల కింద కరిగిపోయిందని తెలుస్తుంది, లాయర్లు నవ్వుకుంటూ కాగితాల కట్టలు మోసుకుని బయటికొస్తారు. గ్రిడ్లీ అనే రైతుకు మూడు వందల పౌండ్ల తగాదా, దానికి పదిహేడు మంది ప్రతివాదులు. సర్వే నంబరు ఒకటి, హద్దులు ఇంకొకటి, ధరణిలో పేరు మరొకరిది, ఇప్పుడు భూభారతి అంటున్నారు, మా దగ్గర కూడా గ్రిడ్లీలకు కొదవ లేదు. అదే నవలలో జో అని వీధులు ఊడ్చే కుర్రాడు ఉంటాడు, శవ విచారణలో వాడికి ప్రమాణం అంటే ఏంటో చెప్పడం రాదని సాక్ష్యం తీసుకోకుండా పంపేస్తారు. వాడికే అసలు సంగతి కొంత తెలుసు.

బెయిలు గురించి రాయకపోతే నా ఉద్యోగానికి ద్రోహం చేసినట్టే. డికెన్స్ తండ్రి 1824లో అప్పు తీర్చలేక మార్షల్సీ జైల్లో పడ్డాడు, పన్నెండేళ్ల డికెన్స్ బూటు పాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకు లేబుళ్లు అంటించాడు. ‘లిటిల్ డోరిట్’లో ఆ జైల్లో ఇరవై ఏళ్లు దాటిన ముసలాయనకు ‘మార్షల్సీ తండ్రి’ అని పేరే పడిపోతుంది. అప్పుకు జైలు వేయడం ఇంగ్లండులో 1869లో చాలావరకు పోయింది. మన దగ్గర పేరు మారింది గానీ డబ్బు లేక లోపలే ఉండటం పోలేదు. మన దేశం జైళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది శిక్ష పడినవాళ్లు కాదు, విచారణ ఖైదీలు. మహబూబ్‌నగర్ నుంచి వలస వచ్చిన కూలీకి జడ్జిగారు బెయిలు ఇస్తారు, ఇద్దరు జామీనుదార్లను తెమ్మంటారు, ఇంటి పన్ను రసీదో పాసుబుక్కో ఉన్నవాళ్లను. ఊరు కాని ఊళ్లో వాడికి ఎవరు వస్తారు? ఆర్డరు చేతిలో ఉన్నా లోపలే ఉన్నవాళ్లను నేను చూశాను. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ప్రకారం మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, ఉరి, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణలోనే గడిపేస్తే విడుదలకు అర్హుడు. జైలు సూపరింటెండెంటే కోర్టుకు దరఖాస్తు పెట్టాలి. మన జిల్లా జైలు నుంచి అట్లా ఎంతమంది బయటికొచ్చారు? ఇది వార్త కాదా? మీ రిపోర్టరు ఒక్క రోజు తిరిగితే దొరుకుతుంది.

ఉత్తరాల వల్ల ఏమవుతుంది అంటారేమో. 1849 నవంబరులో హత్య కేసులో మానింగ్ దంపతుల్ని లండన్‌లో జైలు కప్పు మీద అందరి ముందూ ఉరి తీస్తే, డికెన్స్ వెళ్లి చూశాడు, ఉరి కంటే కింద జనం వేసిన కేకలు, పాటలు, వెకిలి నవ్వులు చూసి జడుసుకున్నాడు. వెంటనే టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాడు, ఇట్లా సంతలా చేయొద్దని. బహిరంగ ఉరి ఆగింది 1868లో, అంటే ఆయన ఉత్తరం రాసిన దాదాపు పంతొమ్మిదేళ్లకు. మానింగ్ భార్యే తర్వాత ‘బ్లీక్ హౌస్’లో హార్టెన్స్ పాత్రకు మూలమైంది. నవలాకారుడు థామస్ హార్డీ కూడా 1856లో పదహారేళ్ల వయసులో ఒక ఆడమనిషి ఉరి చూశాడు, 1891లో ‘టెస్’ రాసేటప్పుడు మాత్రం విచారణ గానీ ఉరి గానీ చూపించకుండా ఉరి అయిపోయిందని తెలిపే నల్ల జెండా దూరం నుంచి ఎగరడం ఒక్కటి చూపించి ఊరుకున్నాడు. ప్రెస్‌మీట్లో ముసుగైనా లేకుండా కుర్రాళ్లను నిలబెట్టి ఫొటోలు తీయించేవాళ్లు, వేసేవాళ్లు ఆ ఒక్క పేజీ చదివినా బాగుండు.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కాదు. చార్జిషీటు కూడా పడకముందే ‘దొంగ’ అని రాయకండి, ‘నిందితుడు’ అనండి, ఫొటోలో ముఖం కనబడకుండా చేయండి. ‘ఒప్పుకున్నాడు’ అన్న వాక్యం తీసేయండి. ఎవరి అరెస్టు వార్త వేశారో వాళ్ల కేసు నంబరు ఒక రిజిస్టర్లో రాసి పెట్టుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఇచ్చే విడి నంబరు) కొడితే ఏ కోర్టు, ఏ వాయిదా, ఏ తీర్పు అన్నీ ఫోన్లోనే వస్తాయి, కోర్టుకు రావాల్సిన పని కూడా లేదు. కొట్టేసిన రోజు అదే పేజీలో, అదే చోట నాలుగు లైన్లు వేయండి. శిక్ష పడితే అదీ వేయండి, నేరం చేసినవాణ్ణి వెనకేసుకు రావాలని నాకేం లేదు. మీరు సరేనంటే మన జిల్లా కోర్టుల్లో ఏ నెలకు ఆ నెల కొట్టేసిన కేసుల వివరాలు నేనే తీసి పంపిస్తా, ఎట్లాగూ ఖాళీగానే ఉంటున్నా.

ఉత్తరం పొడుగైందని తెలుసు. కత్తిరించాల్సి వస్తే నైట్‌గౌను ముచ్చట తీసేయండి, మాగ్విచ్‌ను మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక మాజీ వకీలు గుమాస్తా,
రామగిరి, నల్లగొండ.